మేనమామ ఇచ్చిన తెల్ల కారు

ఎల్దియార్ ఫోన్ చేసేటప్పటికి నేను పిండి పిసుకుతున్నాను. "అమ్మా, నేను బాగానే ఉన్నాను" అన్నాడు ముందుగా. అలా మొదలైన ఫోను ఏదీ నా జీవితంలో మంచి కబురు తేలేదు. వాడి నాన్న లారీ కనుమలో జారిపోయిన రోజున కూడా, కబురు చెప్పినాయన "కంగారు పడకండి" అనే మొదలుపెట్టాడు.

"ఏమైందిరా? ఎక్కడున్నావు? నెత్తురేమైనా...?"

"నెత్తురూ లేదు, ఏమీ లేదు. బొగ్గు లారీని దాటబోయాను. సగం దాటాక బండికి ఊపిరందలేదు. ఎంత తొక్కినా కదలదు. ఎదురుగా బస్సు. ఎలాగో వెనక్కి సర్దుకున్నాను. అంతే."

అంతేనట. నా కళ్ళ ముందు వాడి శవం లేచింది. ఇలా వాణ్ణి నేను ఎన్నిసార్లు చంపుకున్నానో దేవుడికే తెలుసు. కాలువలో, మంచులో, పట్టాల మీద. కానీ ఈసారి నిజంగానే వెంట్రుకవాసిలో తప్పింది.

ఆ కారు వాడికి మేనమామ ఇచ్చింది. మేనల్లుడు అమ్మ పుట్టింట నోరు తెరిచి ఏదైనా ఒకటి అడిగితే కాదనకూడదు. అందుకే "మేనల్లుడు రావడం కంటే ఏడు తోడేళ్ళు రావడం నయం" అని మావాళ్ళు నవ్వుతారు. మేనల్లుడి మీద చెయ్యెత్తినవాడికి చేతులు వణుకుతాయని కూడా అంటారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు.

ఎల్దియార్ సైన్యం నుంచి తిరిగొచ్చినప్పుడు విందు పెట్టాం. నా తమ్ముడు ఎసెన్ నిండుగా తాగి, అందరిముందు వాడి భుజం మీద చరిచి, "అడగరా అల్లుడూ! ఏం కావాలో అడుగు! ఎసెన్ లేదన్నాడని ఎవడూ అనకూడదు" అన్నాడు. గొర్రెనో, మహా అయితే గుర్రపు పిల్లనో అడుగుతాడనుకుని ఉంటాడు. వీడు తలొంచుకుని, "తెల్లది" అన్నాడు.

ఎసెన్‌కు కారా-బల్తా పట్నంలో కార్ల షెడ్డు ఉంది. ఆ తెల్ల జపాన్ కారును సైన్యానికి వెళ్ళకముందు వీడే రెండు చలికాలాలు మామ పక్కనే బండి కింద పడుకుని తయారుచేశాడు. టర్బో మార్చారు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేశారు, ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపు ఎక్కడినుంచో లావుపాటిది తెప్పించారు. అందరూ గొల్లున నవ్వారు. "ఏడు తోడేళ్ళూ కలిసి ఒక్కసారే వచ్చాయిరా ఎసెన్!" అన్నాడు ఎవరో. ఎసెన్ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత తనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ఒరేయ్, కారు వద్దురా. వీడికి గుర్రం ఇవ్వు. ఆ కారు నా కొడుకుని మింగుతుంది" అన్నాను నేను.

"నువ్వూరుకో అక్కా. మాటంటే మాటే" అన్నాడు. "చిన్న చిన్న పనులున్నాయి, సరిచేసి పంపిస్తా" అన్నాడు. వారం పది రోజులకి తనే తోలుకొచ్చి, తాళాలు వాడి చేతిలో పెట్టి, రెండు చేతులూ ఎత్తి దీవించి వెళ్ళాడు.

అమ్మానాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఎసెన్ ఒక్కడే. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

ఆ ఫోను వచ్చిన సాయంత్రమే కారుని తాడు కట్టి మెకానిక్ యూసుప్ షెడ్డుకి లాక్కొచ్చారు. యూసుప్ మా వీధి చివర ఉంటాడు. నోరు కాస్త ఎక్కువ, పనిలో మాత్రం తొందర లేదు. పెట్రోలుతో పని అనగానే నేనొక బకెట్ నిండా ఇసుక మోసుకెళ్ళాను. పెట్రోలు మంట నీళ్ళకి ఆరదని ఎవరో చెప్పగా విన్నాను.

"ఏంటక్కా, ఇసుకా?" అన్నాడు యూసుప్. "ఇంకో నాలుగు బకెట్లు తెచ్చిపెట్టు, గోడ కూడా కట్టేసుకుంటా."

"నవ్వు బాబూ, నవ్వు. ముందు ఆ సిగరెట్టు అవతల పారెయ్."

యూసుప్ సిగరెట్టు ఆర్పి, చెవి వెనక పెట్టుకుని, బానెట్ ఎత్తాడు. నాకు అర్థం కావాలని కాబోలు, పని చేస్తూనే చెబుతూ ఉండేవాడు. "చూడక్కా, టర్బో అంటే లోపలికి గాలిని కుక్కేది. గాలెంత వెళ్తే పెట్రోలూ అంత వెళ్ళాలి. పెట్రోలు తగ్గిందనుకో, లోపల మంట మరీ వేడెక్కిపోతుంది. బండి నీరసపడుతుంది. అలాగే తొక్కుతూ పోతే పిస్టన్లు కరిగిపోతాయి."

"కరిగితే?"

"కరిగితే ఏముంది, నడిరోడ్డు మీద నిలబడిపోతుంది."

నడిరోడ్డు అన్న మాటకి ఇసుక బకెట్ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ముందు ఫిల్టరు మార్చారు. ఊళ్ళో తిప్పితే గొర్రెపిల్లలా నడిచింది. పెద్దరోడ్డెక్కి తొక్కితే మళ్ళీ అదే ఆయాసం. ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుపోయిందేమోనని మూత వదులు చేసి నడిపారు. అదీ కాదు. ఇంజెక్టర్లు విప్పి కడిగారు. రోజూ చెయ్యడం, రోజూ పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్ళడం. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను గేటు దగ్గర నిలబడి దువా చదువుకునేదాన్ని.

"పంపు చూద్దాంరా" అన్నాడు యూసుప్ మొదటిరోజునే.

"పంపు కాదు" అన్నాడు ఎల్దియార్. "అది కొత్తది. మామే పెట్టాడు. నేనే లైటు పట్టుకున్నాను."

"మామ పెడితే చెడిపోదా? పంపుకి చుట్టరికాలు తెలుసా?"

"మామ పెట్టిందన్నానా! మిగతావి చూడు."

అలా పంపు ఒక్కటి తప్ప అన్నీ చూశారు. చివరికి యూసుప్ పెట్రోలు గొట్టానికి ఒక ప్రెషర్ మీటరు బిగించి, దాన్ని అద్దం మీదికి తెచ్చి టేపుతో అతికించాడు. ఆరోజు నేనూ వెనకసీట్లో ఎక్కాను.

"నువ్వెందుకమ్మా?"

"పోతే ఇద్దరం ఒకేసారి పోతాం. వెనక ఏడ్చే పని ఉండదు."

పెద్దరోడ్డు మీద ఎల్దియార్ తొక్కాడు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. "చూడు, ముల్లు చూడు!" అని అరిచాడు యూసుప్. టర్బో అందుకోగానే పైకి లేవాల్సిన ముల్లు వంగిపోయింది, ఎవరో మెడ పట్టుకుని వంచినట్టు. కారు దగ్గింది. వెనక వస్తున్న వ్యాను హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ప్రెషర్‌ని అదుపులో పెట్టే భాగం బాగోలేదేమోనని యూసుప్ తన దగ్గరున్నది వేసి చూశాడు. ముల్లు అలాగే పడింది. పంపుకి వెళ్ళే కరెంటు కొలిచాడు. సరిగానే ఉంది.

"ఇంక నువ్వు తన్నినా సరే, పంపు తీస్తున్నాను" అన్నాడు.

డిక్కీలో పట్టా ఎత్తారు. కింద ట్యాంకుకి గుండ్రటి రేకు మూత. దాని మీద వైర్లు కలిపిన చోట ఇంకా మెరుపు పోని కొత్త నీలం టేపు చుట్టి ఉంది. టేపు చివర త్రికోణంలా మడిచి ఉంది.

ఆ మడత నాకు తెలుసు. మా నాన్న ఊళ్ళో కరెంటు పని చేసేవాడు. "మన తర్వాత విప్పేవాడికి గోళ్ళు విరక్కూడదు" అని టేపు చివర అలా మడిచేవాడు. నాకూ ఎసెన్‌కూ అదే నేర్పాడు. అలా మడిచేవాళ్ళని ఇంకెక్కడా నేను చూడలేదు.

ఎల్దియార్ నావైపు ఒకసారి చూసి, ఆ టేపును సర్రున లాగి, ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు. నేను ఇసుక బకెట్ సర్దుకుంటున్నట్టు వంగాను.

యూసుప్ పంపును పైకి లాగాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. లావు పంపు కోసం చేసిన బిగింపులో బక్కపంపు ఒకటి వేలాడుతోంది. వదులు కాకుండా చుట్టూ రబ్బరు గొట్టం ముక్క కుక్కి, తీగతో కట్టారు.

యూసుప్ ఈలవేశాడు. "ఇది ఈ కారుతోబాటు పుట్టిన పాత పంపురా. నువ్వు లైటు పట్టుకుని పెట్టించింది ఇది కాదు. ఎవడో మార్చాడు. ఎవడైతేనేం, పని తెలిసినవాడే. మెల్లగా నడిపితే బయటపడదు, తొక్కితే చంపుతుందని తెలిసే పెట్టాడు."

"మధ్యలో ఒక షెడ్డులో ఇచ్చాలే" అన్నాడు ఎల్దియార్. "వాళ్ళే మార్చుంటారు."

"ఏ షెడ్డు?" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మా." జేబు మీద చెయ్యి వేసుకుని, "మామకి చెప్పకు. బాధపడతాడు" అన్నాడు.

"నాకెందుకురా" అన్నాను.

మర్నాడు ఉల్లిపాయలు తెస్తానని చెప్పి, కారా-బల్తా వ్యాను ఎక్కాను. దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నాను. కాకూడదు, ఇంకెవరో అయి ఉండాలి, నేను పాపిష్టి అనుమానం పడినదాన్ని కావాలి.

వాకిట్లో ఎసెన్ కొడుకు ఇల్గిజ్ తన నల్ల కారు తుడుచుకుంటున్నాడు. పెళ్ళీడు కుర్రాడు, మనసులో ఏదీ దాగదు.

"అత్తా! భలే వచ్చావు. రా, ఒక రౌండు తిప్పుతా. ఇప్పుడిది పక్షిలా ఎగురుతుంది తెలుసా!"

"ఏం చేయించావురా?"

"నాన్న పంపు మార్చాడు. ఇంత లావుది!" చెయ్యి చాపి, మోచేతిదాకా చూపించాడు.

మొక్కులన్నీ అక్కడితో అయిపోయాయి.

ఎసెన్ నన్ను చూసి పొంగిపోయాడు. పరుపు వేయించాడు. మరదలు నాజిరా రొట్టె, మీగడ, బెల్లం రంగు తేనె తెచ్చి పరిచింది. టీ తనే పోస్తానని కెటిలు అందుకున్నాడు ఎసెన్. నేను పెట్రోలు పంపు సంగతి చెప్పాను, బొగ్గు లారీ సంగతీ, బస్సు సంగతీ. టేపు సంగతి చెప్పలేదు.

ఎసెన్ కెటిలు పక్కన పెట్టాడు. తర్వాత, "నీ కోసమే అక్కా" అన్నాడు. "విందులో నువ్వే కదా ఏడ్చావు, కారు నా కొడుకుని మింగుతుందని. జోరు తగ్గితే మెల్లగా తోలతాడని తీశాను."

ఎంత తియ్యగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకు నమ్మబుద్ధయింది. నా భయాన్నే నాకు చుట్టి ఇచ్చాడు, చివర మడిచి మరీ.

"తీసినవాడివి చెప్పాలిగా. చెప్పకుండా తీస్తే, వాడు తొక్కాడు."

"కుర్రాడు గదా, చెబితే వింటాడా?"

"మరి దాన్ని ఇల్గిజ్ కారులో ఎందుకు పెట్టావు? వీడికి జోరు పనికిరాదు, వాడికి పనికొస్తుందా?"

నాజిరా మీగడ గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఎసెన్ గొంతు మారింది. "కారడిగాడు, కారిచ్చాను. అందరిముందు ఇచ్చాను. అందులో ఏ సామాను ఉండాలో ఆచారం చెప్పలేదు. రెండేళ్ళ నా కష్టం అక్కా అది. ఒక్క మాటతో పట్టుకుపోయాడు."

"వాడి కష్టం కాదా?"

"టీ తాగు. చల్లారిపోతుంది."

గిన్నె నిండా పోసి, రెండు చేతులతో అందించాడు. నేను ఆ చేతుల్నే చూశాను. చిన్నప్పుడు నేను పట్టుకుని నడిపించిన చేతులు. ఒక్క చుక్క ఒలకలేదు.

లేచాను. గేటుదాకా వచ్చాక నాజిరా రొట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "వదినా, రొట్టె ముట్టకుండా వెళ్ళకు. దారి మంచిది కాదు." ముట్టకూడదనే అనుకున్నాను. కానీ నా కొడుకు మళ్ళీ రోడ్డెక్కాలి. దారి అరిష్టం వాడికి తగిలితే? చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

ఉల్లిపాయలు కొనడం మర్చిపోయాను. ఎల్దియార్ యూసుప్ షెడ్డులోనే ఉన్నాడు, కారు కింద. నా ఖాళీ సంచి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఎక్కడికెళ్ళావని అడగలేదు.

"మామ ఎలా ఉన్నాడమ్మా?" అన్నాడు.

"బాగున్నాడు. చేతులు కూడా వణకడం లేదు."

వాడు నన్ను చూశాడు. మళ్ళీ కారు కిందకి దూరిపోయాడు.