ఒక్కసారి మోగితే చాలు

ఆఫీసులో అతన్ని అందరూ పచ్చలైటు అనేవారు. ఆ పేరు వింటే అతను లోలోపల మురిసిపోయేవాడు కూడాను. వాళ్లు చేసేది వేళకు మందు వేసుకోమని ఫోనులో గంట మోగించే యాప్. అందులో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా, మిగతాదంతా సరిగ్గా నడుస్తోందో లేదో తనంతట తానే పరీక్షించి, బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు చూపించే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ అతని చేతిపని. ఏళ్ల తరబడి దాన్ని కన్నబిడ్డలా సాకాడు.

ఒక్క పరీక్ష మాత్రం కొరకరాని కొయ్యగా తయారైంది. ఫోను కాసేపు పక్కన పడి ఉంటే గంట మోగుతుందా? ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు. ఎరుపు వస్తే విడుదల ఆగుతుంది, మేనేజరు చిందులు తొక్కుతాడు. తప్పు యాప్‌లో ఉందా, పరీక్షలో ఉందా అని వెతికే ఓపిక ఎవడికుంది? అందుకని మన పచ్చలైటు అయ్యగారు ఫ్రేమ్‌వర్క్‌ను మెరుగుపరిచారు. తప్పిన పరీక్షను మళ్లీ మళ్లీ నడిపించి, ఒక్కసారి గట్టెక్కినా పచ్చ వేసెయ్యమన్నారు. మెరుగట, మెరుగు! పుండు మీద పౌడరు అద్దడాన్ని మెరుగంటారా?

కొత్తగా చేరిన టెస్టరమ్మాయి అడిగింది కూడా. "సార్, మందు వేళ ఒక్కసారే కదా వచ్చేది?"

"పిలవగానే పలక్కపోతే మీ ఆయన పారిపోయాడనుకుంటావా? మళ్లీ పిలవ్వూ?" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల తల దించుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి వదిన స్కూలు వ్యాను కడుగుతోంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పిల్లల్ని బడికి చేరవేసే ఆ వ్యానంటే ఆవిడకు ప్రాణం.

"సాయంత్రం కొనేవాళ్లొస్తారు" అంది తలెత్తకుండానే.

"అదేంటి వదినా?"

"నా బుర్ర పనిచెయ్యట్లేదురా. బీపీ బిళ్ల మర్చిపోతున్నా. నువ్వు పెట్టిచ్చిన యాప్‌లో గంట మోగినా వినపడట్లేదో, విన్నా గుర్తుండట్లేదో! రేపు వ్యానులో ఎవరి బిడ్డనో మర్చిపోతే?"

"యాపే మోగలేదేమో?"

"ఊరుకో! నువ్వు పరీక్ష పెట్టింది మోగకపోవడమేంటి? మీ అన్నయ్యా నీలాగే యాప్ మీద అనుమానపడ్డారు. మా వాడి పనికి వంక పెడితే ఊరుకోనని చెప్పా."

అతనికి చెంప పగిలినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాడు. అంత సిగ్గులోనూ మేనేజరుకు తెలిస్తే ఏమంటాడోనన్న ఆలోచన వచ్చింది వెధవకి. చివరికి చెప్పేశాడు.

"అప్పుడప్పుడు మోగదు వదినా. నేనే కప్పిపుచ్చాను."

వదిన తడిచేతులు తుడుచుకుని నవ్వింది. "పిచ్చి వెధవా! నన్ను ఊరడించడానికి తప్పు నీ నెత్తినేసుకుంటావా?"

ఇక మాటలతో లాభం లేదు. ఆవిడ ఫోనులో గంట పెట్టి వ్యాను సీటు మీద ఉంచాడు. ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. మోగింది. మళ్లీ పెట్టాడు. మోగింది. మోగిన ప్రతిసారీ ఆవిడ ముఖం ఇంకాస్త వాడిపోతోంది.

"చూశావా, చక్కగా మోగుతోంది. నాకే..." అంటూ ఆగిపోయింది.

తన పని చెడిపోవాలని అతను మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాడు. మళ్లీ పెట్టాడు. కొనేవాళ్లు గేటు దగ్గరికి వచ్చేశారు కూడా.

ఈసారి వేళ దాటింది. ఫోను ఉలకలేదు, పలకలేదు.

వదిన ఫోనును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకేం కాలేదు!" అని చిన్నపిల్లలా అరిచింది. గేటు దగ్గరికి పరిగెత్తి, వ్యాను అమ్మనని చెప్పి వాళ్లను పంపేసింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. అంతలో ఏదో తట్టి ఆవిడ నవ్వు ఆగింది.

"ఇది మోగదని నీకెప్పట్నుంచి తెలుసు?"

"నీ ఫోనులో పెట్టిచ్చిన రోజుకే తెలుసు, వదినా."

వదిన చెయ్యి తీసేసింది.