నున్నమేస్త్రి పంపు

గుండె బలహీనమైన పిల్లలకు లోపల పెట్టే రక్తపు పంపు బొటనవేలంత ఉంటుంది. దాని లోహపు తొడుగుకు మెరుగు పెట్టేవాడు నున్నమేస్త్రి. ఇరవై ఏళ్ళుగా ఆ పంపులు తయారుచేసే షెడ్డులో ఆయన చెయ్యి తగిలిన లోహం అద్దమైంది. ఈసారి పంపు ఆయన కూతురికే. ఏడేళ్ళది, మంచం దిగితే ఆయాసం. పిల్ల గుండె కొలతకు తయారైంది ఒక్కటే. మూడు వారాల్లో పెట్టకపోతే తన చేతుల్లో లేదన్నాడు డాక్టరు.

గుండెలోకి దిగే గొట్టం ఎప్పటిలాగే ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది; ఇన్నాళ్ళూ ఆయన పట్టించుకోలేదు. పంపుతో వచ్చిన పని కాగితం మీద 'గొట్టం ముట్టవద్దు' అని ఉంది. ఎందుకో రాయలేదు. ఆ షెడ్డులో ఎందుకో ఎవరికీ చెప్పరు. చెబితే పైవాళ్ళ కిరీటం జారిపోతుంది కాబోలు.

"సగం పని చేసి పంపారేంట్రా?" అన్నాడు మేస్త్రి.

పక్క మిషను మీది బావమరిది నవ్వాడు. "అందరి పిల్లలకీ అలాగే పోతోంది బావా. రాసిందే చెయ్యి."

"నా పిల్ల గుండెలో ఉప్పుకాగితం పెట్టమంటావా?"

రెండు పూటలు రుద్దాడు, తన మొహం కనిపించేదాకా.

తనిఖీకొచ్చిన డిజైనరమ్మ గొట్టం చూసి కుర్చీలో కూలబడింది.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా." గర్వంగానే అన్నాడు.

"ఆ గరుకు కావాలనే పెట్టాం మేస్త్రీ! రక్తం దాన్ని పట్టుకుని పొరకట్టి కదలకుండా ఉంటుంది. నున్నగా ఉంటే గడ్డ జారి మెదడుకెళ్తుంది. ఇది పనికిరాదు."

"గంటలో మళ్ళీ గరుకు చేస్తానమ్మా."

"గీకితే వచ్చేది కాదు. లోహపు పొడిని కొలిమిలో అతికించాలి. కొత్తదానికి ఆరు వారాలు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ముట్టొద్దని రాశాంగా! ఎందుకో మీకెందుకు?"

ఇరవయ్యో రోజున పిల్ల పోయింది. పంపు ఇంకా రాలేదని మాత్రమే మేస్త్రి భార్యకు చెప్పాడు. ఎందుకు రాలేదో చెప్పలేదు.

పనికిరాని ఆ పంపును ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టెలో పెట్టారు. మిగతావాటికి లేని మెరుపు మరి! చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు వంగి వంగి చూశారు. యజమాని మేస్త్రిని పిలిపించి వాళ్ళముందే భుజం తట్టాడు.

"నీ పనితనమేనటగా? ఇలాంటివి ఇంకో నాలుగు చెయ్యవోయ్, చూపించుకోడానికి."

"సరేనండీ," అన్నాడు మేస్త్రి. వెళ్ళి మిషను ఆన్ చేశాడు.