ఉతుకుడు డ్యూటీ

దాలినాయుడు పోయి మూడేళ్లయినా ఆయన యూనిఫారం మాత్రం రోజూ సాయంత్రం సైరన్ మోగగానే డ్యూటీ దిగి ఇంటికొస్తోంది. గేటు తీసుకుని లోపలికొచ్చి, ఖాళీ ప్యాంటు కాళ్లే అయినా గుమ్మం ముందు దులుపుకుని, కుళాయి పక్కన బండ మీద కూర్చుంటుంది. ఆయన భార్య సూరీడమ్మ దాన్ని ఉతికి ఆరేస్తుంది. తెల్లారాక ఇస్త్రీ చేసి గుండీలు పెడితే అది మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లిపోతుంది.

ఇందులో వింతేమీ ఆమెకి కనబడదు.

"పోయింది నాయుడు గానీ డ్యూటీ కాదు కదేటి," అంటుంది పక్క క్వార్టర్ కాంతమ్మతో.

అది పాత రైలుపెట్టెలు బాగుచేసే వర్క్‌షాపు. పెట్టె గోడలు విప్పి, ఎండ వేడి లోపలికి దిగకుండా వాటి మధ్య కూరిన రాతినారని, అదే ఆస్‌బెస్టాస్‌ని, పీకడం దాలినాయుడి పని. పీకుతుంటే అది తెల్లగా, మెత్తగా గాల్లోకి లేచి నెమ్మదిగా రాలేది. కూలీలు దాన్ని మంచు అనేవారు. ఆయన పిండిమర లోంచి వచ్చినవాడిలా ఇంటికొచ్చేవాడు. దగ్గి దగ్గి పోయినప్పుడు రైల్వేవాళ్లు బీడీలవల్ల అన్నారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు.

ఈ వేసవిలో సూరీడమ్మకి బిందె ఎత్తితే ఆయాసం వస్తోంది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఫిల్ములో, ఆమె పక్కటెముకల వెనక, మంచు ఇంకా కురుస్తోంది. డాక్టరు రుమాలుతో ఫిల్ము తుడిచి మళ్లీ చూస్తాడు. ఆగలేదు.

"అమ్మా, ఇది ఊపిరితిత్తి పొరకి పట్టే క్యాన్సరు. రాతినారలో పనిచేసేవాళ్లకి వస్తుంది. మీరెక్కడ పనిచేశారు?"

"కుళాయి కాడ," అంటుంది సూరీడమ్మ.

లాయరు మెహరున్నీసా అదే కాలనీ పిల్ల. వాళ్ల నాన్న ఫిట్టరు. కాగితాలన్నీ చూసి కళ్లజోడు తీస్తుంది.

"పిన్నీ, మీరు ఉద్యోగే కాదంటారు రైల్వేవాళ్లు. ముందే చెబుతున్నాను."

"అననీ."

"కేసు గెలిస్తే మీకేం కావాలి?"

సూరీడమ్మ ఆలోచించాల్సిన పనిలేదు. "ఈ జబ్బు నాది కాదమ్మా. మా పుట్టింటోళ్లది కాదు, అత్తింటోళ్లది కాదు. ఇదెవలిదో ఆళ్లు నలుగురి ముందూ మాదే అని ఒప్పుకోవాల. అంతే."

విచారణ రోజున యూనిఫారం వర్క్‌షాపుకి సెలవు పెట్టి ఆమెతో బయల్దేరుతుంది. కోర్టు మేడ మీద ఉంది. సూరీడమ్మ మధ్యలో ఆగినప్పుడల్లా మెట్లు కూడా ఆగి ఆయాసం తీర్చుకుంటాయి. మెహరున్నీసా ఎవరినీ తొందరపెట్టదు.

రైల్వే తరఫు వకీలు పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. లేచి మర్యాదగా మొదలుపెడతాడు.

"ఈవిడ మా ఉద్యోగి కాదు. ఉద్యోగి కానివారికి ఉద్యోగంవల్ల జబ్బు రావడం చట్టప్రకారం కుదరదు. కాబట్టి ఈవిడకి జబ్బు రాలేదు. పైగా ఆ పొడి వల్ల ఎవరికీ ఏ హానీ లేదు."

సూరీడమ్మకి దగ్గొస్తుంది. పొడవాటి దగ్గు. కిటికీ అద్దాలు కదిలి, సర్దుకుంటాయి.

జడ్జిగారు తలెత్తుతారు. "ఇప్పుడు దగ్గిందెవరు?"

"ఎవరూ కాదండి," అంటాడు వకీలు.

జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి సూరీడమ్మ వైపు తిరుగుతారు. నెరిసిన జుట్టు, నిద్రలేని కళ్లు ఆయనవి. "అమ్మా, మీరు రైల్వేకి ఏం పని చేశారు?"

"ఉతికినాను బాబూ."

"ఎలా చేశారో ఇక్కడ చూపించగలరా?"

"నీళ్లిప్పించండి."

బంట్రోతు బకెట్టుతో నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షు తెస్తాడు. యూనిఫారం తనంతట తనే కోర్టు మధ్యలో నేల మీద పడుకుంటుంది. సూరీడమ్మ కొంగు దోపుకుని, గొంతుక్కూర్చుని, ఇంట్లో ఉతికినట్టే ఉతుకుతుంది. ముందు కాలరు, తర్వాత చంకలు, తర్వాత జేబులు తిరగేసి.

మొదటి నీళ్లు పాలలా వస్తాయి. రెండో దఫాకి తెల్లటి పీచు ఉండలు కడుతుంది. ఇంకా రుద్దితే మరమేకులు రాలతాయి, వాటి వెనకే చెక్కపలకలు, కిటికీ రెక్కలు, నీలం రంగు బెర్తు ఒకటి, ఇంకా తిరుగుతూనే ఉన్న ఫ్యానూ వస్తాయి. రైలుపెట్టె గోడ వచ్చేసరికి కోర్టు హాలు చాలక ఇంకాస్త పొడుగవుతుంది. వర్క్‌షాపు రేకుల కప్పు వచ్చేసరికి మరికాస్త. ఎవరూ కుర్చీల్లోంచి లేవరు. మంచు కురుస్తోంది.

"ఆపమంటారా?" అని అడుగుతుంది మెహరున్నీసా.

"కానివ్వండి," అంటారు జడ్జిగారు.

నురగలోంచి మనుషులొస్తారు. దాలినాయుడి గ్యాంగు. ఒకరి తర్వాత ఒకరు మొహాలు తుడుచుకుంటూ లేచి, గోడవారగా నిలబడతారు. వీళ్లందరి చావు కబురూ ఆమె ఏదో ఒక రోజున విన్నదే. చివర్న దాలినాయుడు వస్తాడు. ఒంటిమీద బనీను, చారల నిక్కరు తప్ప ఏమీ లేవు.

"ఏటే ఇది, పెద్దోళ్ల ముందు," అంటాడు సిగ్గుపడుతూ. "ఆరీదాకా ఆగలేకపోయావా."

"ఇంకా ఉతకడమే అవలేదు," అంటుంది సూరీడమ్మ. బ్రష్షు వదలదు.

ఆయన ఆమె ఊపిరి వింటాడు. లోపలికి వెళ్లేటప్పుడు ఎక్కడ ఆగుతోందో ఆయనకి తెలుసు.

"నీకూ వచ్చిందా?"

"వచ్చింది."

"బట్టలు అక్కడే విప్పేసి రమ్మని నాకెవులూ సెప్పనేదే."

"నీకు సెప్పనోళ్లు నాకు సెబుతారేటి. అందుకే కదా ఇక్కడికొచ్చినాను."

దాలినాయుడు జడ్జిగారికి దణ్ణం పెడతాడు. "బాబూ, పగలంతా నాను సేసీవోడిని. నాను దిగినాక అదెక్కీది. ఇద్దరిదీ ఒకటే డ్యూటీ. షిఫ్టులే ఏరు."

రైల్వే వకీలు లేస్తాడు. "అభ్యంతరం. ఈ సాక్షి చనిపోయాడు."

"దేనివల్ల?" అంటారు జడ్జిగారు.

అప్పటికి వకీలు నల్లకోటు భుజాల మీద మంచు చేరి ఉంది. ఒక చేత్తో ముక్కుకి రుమాలు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ఎప్పట్నుంచి పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

"హాని లేదన్నారు కదా," అంటారు జడ్జిగారు. "రుమాలు తియ్యండి."

వకీలు తియ్యడు. హాలంతా ఆ రుమాలు వైపే చూస్తుంది. గోడవారగా నిలబడ్డ మనుషులు కూడా, కోపంగా కాదు, ఒక పనివాడు ఇంకో పనివాడి పని చూసినట్టు చూస్తారు. అంతవరకు తమకి అలాంటి రుమాలు ఒకటి ఉండొచ్చని వాళ్లకి తోచలేదు.

వకీలు రుమాలు చాటునుంచే అంటాడు, "మాదే."

"గట్టిగా," అంటుంది మెహరున్నీసా.

"ఈ జబ్బు మాదే."

జడ్జిగారు తీర్పు అక్కడికక్కడే చెబుతారు. సూరీడమ్మ రైల్వే కార్మికురాలే. ఆమె పనిచేసిన చోటు ఇల్లు కావడం ఆమె తప్పు కాదు. తీసుకున్నది ఊపిరి కాబట్టి ఇవ్వాల్సిందీ ఊపిరే. ఈ లైను మీద పోయే ప్రతి రైలూ ఆమె గుమ్మం ముందాగి, బ్రేకుల్లో ఉన్న గాలి ఆమెకి ఇచ్చి వెళ్లాలి.

దాలినాయుడు తడి యూనిఫారం పిండి, అలాగే తొడుక్కుంటాడు. ఒంటికి అతుక్కుని అది తృప్తిగా ఉంటుంది. ఆమె ఆయన కాలరు సర్దుతుంది. "ఇంక రాకు," అంటుంది. "నా షిఫ్టు అయిపోయింది." ఆయన తలూపి, గ్యాంగుతో కలిసి వర్క్‌షాపు రేకుల కప్పు కిందకి నడుస్తాడు.

మర్నాడు పొద్దున్నే కాలనీ సందులోకి ఎక్స్‌ప్రెస్సు వస్తుంది. సందులో పట్టాలు లేవు. గోడలకి రాసుకోకుండా, కాంతమ్మ తులసికోట తప్పించుకుని, సూరీడమ్మ గుమ్మం ముందు ఆగుతుంది. డ్రైవరు దిగి, చెప్పులు విప్పి, గాలిగొట్టం రెండు చేతులతో అందిస్తాడు.

సూరీడమ్మ కుర్చీ వాల్చుకుని కూర్చుని పీలుస్తుంది. ఇన్నాళ్లూ గుక్కెడు పట్టని రొమ్ములోకి ఇంజన్ గాలి పోతుంది, దాని వెనక ఒక్కో పెట్టె గాలీ పోతుంది. గాలి పోయిన రైలు బ్రేకులు బిగిసి కదలదు. దాని వెనక ప్యాసింజరు వచ్చి ఆగుతుంది. దాని వెనక గూడ్సు. ఆమె వాటి గాలీ పీలుస్తుంది. జిల్లా అవతలదాకా రైళ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ప్రయాణికులు దిగి సామాన్ల మీద కూర్చుంటారు. ఒక్కరూ విసుక్కోరు.

"అమ్మా, ఎప్పుడు వదుల్తారు?" అని అడుగుతాడు డ్రైవరు.

ఆమె ఉండమని చెయ్యెత్తుతుంది.

వేపచెట్ల ఆకులు కదలడం మానేస్తాయి. టీ అమ్మేవాడి కెటిల్లోంచి జారిన టీ గ్లాసుదాకా రాకుండా గాల్లో ఆగి, తీగలా మెరుస్తుంది. దూరంగా సముద్రం ఒక అల లేపి, దాన్ని పడనివ్వకుండా పట్టుకుని నిలబడుతుంది. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. సూరీడమ్మ ఇంకా ఊపిరి వదల్లేదు.