జిప్పు పట్టని గౌను

ఆ అమ్మాయిని వీధిలో అందరూ నిచ్చెన అనేవారు. నాన్న ఇళ్ళకి రంగులు వేసే మనిషి. ఆయన పైన నిలబడి గోడ గీకుతుంటే కింద నిచ్చెన కదలకుండా పట్టుకోవడం చిన్నప్పటినుంచీ ఆ పిల్ల పని. కాస్త ఎదిగేసరికి, ఏది నిచ్చెనో ఎవరు పట్టుకున్నారో దూరం నుంచి పోల్చుకోలేకపోతున్నానని పక్కింటావిడ ఒకరోజు వేళాకోళమాడింది. ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళి, పేరై తిరిగొచ్చింది. బడిలో ఎప్పుడూ వెనక బెంచీ, ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరస. ఏ బట్టలు కొన్నా చీలమండకి జానెడు పైనే ఆగిపోయేవి. "దీనికి బట్టలు కాదు, పరదాలు కొనాలి" అని నాన్న నవ్వేవాడు. ఆ పిల్ల మాత్రం నవ్వేది కాదు.

అలాంటిది, ఇరవయ్యో ఏట ఒక సాయంత్రం, చేతులకంటిన రంగు కడుక్కుంటూ తాను మోడల్ అవుతానని చెప్పింది.

"ఏం మోడల్?" అన్నాడు నాన్న.

"బట్టలు వేసుకుని నడిచే మోడల్."

"అందరూ బట్టలు వేసుకునే నడుస్తున్నారు కదే! దానికి జీతమా?"

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా నిలబడి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంది అప్పుడే. ఆమె నవ్వలేదు. "అంతమంది ఎదురుగా కూర్చుని నీ కాళ్ళవంకా నడుమువంకా చూస్తారు. ఆలోచించుకున్నావా?"

"ఇప్పుడు మాత్రం చూడట్లేదా అమ్మా? ఊరికే చూస్తున్నారు, చూసి నవ్వుతున్నారు. అక్కడైతే నేను ఒప్పుకున్నాక చూస్తారు. అంతే తేడా."

అమ్మ మర్నాడు పొద్దున, నేర్పేచోటు ఎక్కడుందో కనుక్కుని రమ్మంది.

అది టైర్ల కొట్టు పైనున్న పొడుగాటి హాలు. లోపలికి అడుగుపెడితే చాలు, రబ్బరు వాసన ముక్కు పట్టుకునేది. ఒక గోడ పొడుగునా అద్దాలు. నేర్పే ఆవిడ ఒకప్పుడు పేరు మోసిన మోడల్. ఇప్పుడు మోకాళ్ళు పోయి, కుర్చీలో కూర్చునే పాఠం చెప్పేది. అందరూ ఆవిణ్ణి మేడమ్ అనేవారు. మొదటిరోజు నిచ్చెనని ఆ చివరినుంచి ఈ చివరికి నడవమంది. నడిచింది.

"దారిపొడుగునా ఎవరికి క్షమాపణ చెప్పుకుంటూ వచ్చావు?" అంది మేడమ్.

"ఎవరికీ లేదు మేడమ్."

"భుజాలు ముడుచుకున్నావు, మెడ దించుకున్నావు. పొడుగ్గా పుట్టినందుకు పొరపాటైపోయిందండీ అన్నట్టు నడిచావు. పొరపాటు కాలేదు. మళ్ళీ నడువు."

నిచ్చెనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ నడిచింది. ఆ వారమంతా మళ్ళీ మళ్ళీ నడిచింది. ఎత్తుమడమల చెప్పులతో కాళ్ళు బొబ్బలెక్కాయి. నడుస్తూనే పైకోటు విప్పి భుజాన వేసుకోవడం, తిరగాల్సినచోట తూలకుండా తిరగడం, ఎండలో ఉన్నికోటు వేసుకుని కూడా చెమట సంగతి మొహంలో తెలియనివ్వకపోవడం ఒక్కొక్కటే వంటబట్టాయి. "చూసేవాళ్ళు నవ్వుతారు, ఆవలిస్తారు, ఫోను చూసుకుంటారు. నువ్వు మాత్రం నీ నడక నడవాలి" అనేది మేడమ్.

నడక నేర్చుకోవడం ఒకెత్తు, పని దొరకడం ఒకెత్తు. ఒకచోట ముక్కు బాగాలేదన్నారు. ఇంకోచోట రంగు తక్కువన్నారు. మరోచోట పలకరించకుండానే చేత్తో వెళ్ళమని సైగ చేశారు. వెళ్ళే ప్రతిసారీ అమ్మ ఉన్న ఒక్క మంచి చొక్కానీ కత్తిలా ఇస్త్రీ చేసి ఇచ్చేది. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టడం, మర్నాడు వాటినే వెతుక్కుని తొడుక్కోవడం నిచ్చెనకి అలవాటైపోయింది.

చివరికి ఒక గౌన్ల కంపెనీవాళ్ళు తమ ప్రదర్శనకి ఎంచుకున్నారు. ఎంపిక చేసే పెద్దమనిషి మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేది. అమ్మాయిలు చాటుగా ఆయన్ని టేపు సార్ అనేవారు. ఆయన నిచ్చెన నడుము చుట్టూ టేపు బిగించి పెదవి విరిచాడు.

"అన్నీ బాగున్నాయి. నువ్వే కాస్త ఎక్కువున్నావు."

"గౌను కొంచెం వదులు చెయ్యొచ్చు కదా సార్?"

"మా గౌన్లన్నీ ఒకే కొలత. ప్రదర్శనకల్లా నువ్వే అందులోకి రావాలి."

అక్కడ, అందరూ పిచ్చుక అని పిలిచే ఇంకో మోడల్ పరిచయమైంది. గాలికి ఎగిరిపోయేలా ఉండేది, నోరు మాత్రం క్షణం ఊరుకునేది కాదు. "పొద్దున ఆకలేస్తే కాఫీ తాగక్కా. సాయంత్రం ఆకలేస్తే పడుకో. మధ్యాహ్నం ఆకలేస్తే టేపు సార్ మొహం తలుచుకో, ఆకలే చచ్చి ఊరుకుంటుంది" అని పాఠం చెప్పింది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ పొట్టలో ఏమీ లేదన్న సంగతి అప్పుడు తోచలేదు.

నిచ్చెన కంచం ముందునుంచి లేచిపోవడం మొదలుపెట్టింది. అడిగితే బయట తిన్నానని బొంకేది. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. ఊరికే చిరాకు. ఒక మధ్యాహ్నం నాన్న రెండో అంతస్తు గోడకి రంగు వేస్తుంటే కింద ఆమె చెక్క నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి వేళ్ళలో పట్టు సడలింది. చెక్క నిచ్చెన పక్కకి జారింది. నాన్న కిటికీ ఊచ దొరకబుచ్చుకుని వేలాడాడు. డబ్బా కిందపడి నీలం రంగు వాకిలంతా పారింది.

పక్కపనివాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని దించారు. ఆయన కూతుర్ని ఒక్కమాట అనలేదు. మొహంలోకి చూసి, "ఎన్నాళ్ళైందే నువ్వు సరిగ్గా తిని?" అన్నాడు. 

సంగతి తెలిసి అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఇన్నేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను. నలిగితే బట్టని నొక్కుతాం గానీ, తొడుక్కునే మనిషిని తెచ్చి బల్లమీద పెట్టి నొక్కం! వాడెవడే నిన్ను తగ్గమనడానికి?" అంటూనే కంచం నింపి ముందు పెట్టింది. నిచ్చెన తింది. ఏడుస్తూ తింది, మళ్ళీ పెట్టించుకుని తింది.

ఆ తర్వాత ఒక్కపూట కూడా మానలేదు. మేడమ్ హాల్లో నడక మాత్రం రెట్టింపు చేసింది. పిచ్చుకతో, "నేను తింటున్నానే, నువ్వూ తిను" అంటే, "తీసేస్తారక్కా, నీకు పిచ్చా?" అని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. తెర వెనక గదిలో అద్దాల చుట్టూ బల్బులు, జుట్టుకి కొట్టే స్ప్రే వాసన. బట్టలు తొడిగే ఆవిడ నిచ్చెన వెనక నిలబడి ఊపిరి బిగబట్టి లాగింది. జిప్పు వీపు సగందాకా వచ్చి మొండికేసింది. ఆవిడ పిన్నీసుల కోసం అటు తిరిగిందో లేదో, ఇటు పిచ్చుక ఏదో జోకు చెబుతూ చెబుతూ, మాట మధ్యలోనే బట్టల స్టాండు మీదికి ఒరిగి దాంతోపాటు నేలకూలింది.

టేపు సార్ పరిగెత్తుకొచ్చాడు. "గౌను! గౌను నలిగిపోతోంది! ముందు అది విప్పండి!"

 ఆయన నిచ్చెనవైపు తిరిగి, "నీది పక్కనపెట్టు, అది వేసుకో. చివర్లో వేదిక ఎక్కాల్సిన గౌను అదే. ఎలాగోలా పిన్నులు పెట్టించుకో" అన్నాడు.

నిచ్చెన తన గౌనుతోనే నేలమీద చతికిలబడింది. పిచ్చుక తల ఒళ్ళోకి తీసుకుంది. "ముందు డాక్టర్ని పిలవండి. ఈ పిల్ల తినడానికి ఏదైనా తెప్పించండి."

"టైము లేదు."

"నాకుంది సార్."

"లేవకపోతే ఈ ఊళ్ళో నీకు ఇంకెక్కడా పని దొరకదు. నేనెవరో తెలుసా?"

"తెలుసు. కిందపడ్డ మనిషిని వదిలేసి బట్ట ఏరుకున్న ఆయన."

 చుట్టూ ఉన్న అమ్మాయిల్లో కొందరు అద్దంలోకి చూసుకుంటూ ఉండిపోయారు. ఇద్దరు మాత్రం వచ్చి పక్కన కూర్చున్నారు. జుట్టు దువ్వే ఆయన తన సంచిలోంచి అరటిపండు, బన్ను తీసి ఇచ్చి, డాక్టరు కోసం బయటికి పరిగెత్తాడు.

పిచ్చుక కళ్ళు తెరిచింది. "నా వంతు వచ్చిందా అక్కా?"

"వచ్చింది. తినే వంతు."

డాక్టరు వచ్చి, ఈ అమ్మాయి నడవడానికి వీల్లేదని ఖాయంగా చెప్పి ఆసుపత్రికి పంపించాడు. బయట సంగీతం మొదలైంది. టేపు సార్ గొంతు తగ్గించాడు. "సరే, లే. చేతులు జోడించమంటావా?"

"వద్దు. ఆ పిల్ల గౌను నేను ముట్టుకోను. నా గౌనుకి జిప్పు పట్టదు. ఇలాగే నడుస్తాను. లేదంటే ఇంటికెళ్తాను. మీ ఇష్టం."

ఆయన పళ్ళు నూరుకుంటూ, వీపు కనబడకుండా ఒక పెద్ద శాలువా కప్పించాడు.

నిచ్చెన వేదిక మీదికి వెళ్ళింది. చివరిదాకా నడిచి ఆగింది. అక్కడ, పైకోటు విప్పినంత తాపీగా శాలువా విప్పి చేతిమీద వేసుకుని వెనక్కి తిరిగింది. తెరుచుకున్న జిప్పు, దాని మధ్యలోంచి ఆమె వీపు అందరికీ కనిపించాయి. ఎవరో పక్కున నవ్వారు. ఒకప్పుడైతే ఆ నవ్వుకి ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకునేవి. ఈసారి ముడుచుకోలేదు. తొందరా పడలేదు. తెరదాకా తన నడక తాను నడిచింది.

టేపు సార్ అన్నంత పనీ చేశాడు. ఎక్కడికెళ్ళినా, "గొడవ చేసిన పిల్లవి నువ్వేనా?" అని అడిగేవారు.

"నేనే."

"మా దగ్గర అలాంటి వేషాలు కుదరవు."

"ముందే చెప్పారు, మంచిదైంది. బస్సు దొరుకుతుంది" అని వచ్చేసేది.

పిచ్చుక కోలుకుంది గానీ కొన్నాళ్ళు నిచ్చెనతో మాట్లాడలేదు. ఒకరోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలదీసింది. "నీవల్లే నా పేరు కూడా పాడైంది. పడిపోయే పిల్ల అంటున్నారు నన్ను. నోరు మూసుకుంటే ఏం పోయేది?"

"నువ్వు పోయేదానివి."

 అమ్మ లోపలికి రమ్మని కంచం పెట్టింది. ఆ పిల్ల తింటున్నంతసేపూ నిచ్చెన మీద కోపంగానే ఉంది. అయినా అంతా తినేసి వెళ్ళింది. మర్నాటినుంచి టైర్ల కొట్టు పైకి నడక నేర్చుకోవడానికి రావడం మొదలుపెట్టింది.

మళ్ళీ పని దొరికేదాకా నిచ్చెన నాన్నతో గోడలు గీకింది. కొన్నాళ్ళకి వానకోట్లు కుట్టే చిన్న కంపెనీ ఒకటి పిలిచింది. ఆ కంపెనీ నడిపేది ఒక పెద్దావిడ. గొడవ పిల్లవి నువ్వేనా అని ఆవిడా అడిగింది. నేనే అంది నిచ్చెన. "మా కోట్లకి జిప్పులుండవులే, అన్నీ గుండీలే" అని ఆవిడ నవ్వేసింది. పిచ్చుకని కూడా తీసుకుంటేనే వస్తానని, మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టాలని నిచ్చెన చెప్పింది. ఆవిడ కాసేపు గొణిగింది, ఆఖరికి ఒప్పుకుంది.

ఫోటోలు తీసేరోజు పొద్దుటినుంచీ వాళ్ళిద్దరి మీద గొట్టాలతో నీళ్ళు కొడుతూనే ఉన్నారు. చలికి పెదవులు నీలమైనా, వాన అంటే ప్రాణం అన్నట్టు నిలబడాలి. నిలబడ్డారు. ఎడమకి తిరగమంటే తిరిగారు, గెంతమంటే గెంతారు. మధ్యాహ్నం అయ్యేసరికి నిచ్చెన గొట్టం పట్టుకున్నవాణ్ణి ఆపమని చెయ్యెత్తింది.

"ఒక్క ఫోటో! వెలుతురు పోతుంది, ఒక్కటే!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"తిన్నాక" అంది నిచ్చెన, తడికోటు గుండీలు విప్పుకుంటూ.