తెలియని నంబరు

మా ఇంట్లో పొద్దున పొయ్యి కన్నా ముందు టీవీ వెలుగుతుంది. వార్తలు వినకపోతే నాకు చెయ్యి ఆడదు. పగలంతా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే అయినా, వెనక నలుగురు పోట్లాడుకుంటూ ఉంటేనే కసవు ఊడ్చబుద్ధవుతుంది. మా ఆయన శ్రీరాములు దీన్ని చూసి నవ్వుతాడు. "వాళ్ళ కొట్లాట తీర్చేదానికి నిన్నేమన్నా పిలిచినారా, ఎందుకట్ల కసురుతావు?" అంటాడు. కసురుతాను మరి. ఒకడు నా ఇంట్లోకి వచ్చి అబద్ధాలు చెబుతుంటే, మధ్యలో అద్దం ఉందని ఊరుకుంటానా?

అట్లా కసురుతూనే వాళ్ళు చెప్పింది పాటిస్తాను కూడా. ఫోన్లో మోసాలు పెరిగిపోయాయని, తెలియని నంబరు ఎత్తితే బ్యాంకులో డబ్బు మాయమవుతుందని రోజూ చెబుతారు. దాంతో నాకు భయం పట్టుకుంది. పైగా "లోన్ కావాలా మేడమ్" అని పొద్దస్తమానం ఎవరో ఒకరు. తెలియని నంబరు కనిపిస్తే చాలు, కట్ చేసేదాన్ని.

మాది రాచర్ల దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. పోయిన వానాకాలం మా వైపు మొహం చూపలేదు. మేత లేక ఆయన మందను తోలుకుని ముండ్లమూరు వైపు వెళ్ళాడు. అక్కడ కాలువ నీళ్ళున్నాయి. శనగ వేయబోయే చేలు ఖాళీగా ఉంటాయి. రాత్రిపూట మందను ఒక్కో రైతు చేలో ఆపుతారు. చేనుకు ఎరువు దొరుకుతుంది, కాపరికి ఆ ఇంటి అన్నం దొరుకుతుంది. తాతల నాటి నుంచి నడుస్తున్న పద్ధతే.

వెళ్ళేటప్పుడు కొత్త స్టీలు క్యారియర్ ఇచ్చాను. ఆయనకు ఏటా ఒక క్యారియర్ పోగొట్టుకోవడం మొక్కు. ఎవరింట్లో అన్నం పెట్టించుకుంటే వాళ్ళింట్లోనే మరిచి వస్తాడు. అందుకని ఈసారి గిద్దలూరులో గిన్నెల దుకాణానికి తీసుకుపోయి, పై గిన్నె మీద పేరుతో పాటు నా ఫోన్ నంబరు కూడా చెక్కించాను. దుకాణం అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"పేరంటే సరే. నంబరేందమ్మా?"

"మా ఆయన సంగతి నీకు తెలీదు నాయనా. చెక్కు."

ఆ తర్వాత తుఫాను వచ్చింది. వానాకాలమంతా ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పెట్టిన మాకు, అది వానలా కాక కక్షలా కురిసింది. ముండ్లమూరు వైపు ఇంకా ఎక్కువట. మొదటి సాయంత్రం నుంచే ఆయన ఫోన్ పలకడం మానేసింది. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందిలే అనుకుని పడుకున్నాను గానీ నిద్ర రాలేదు.

పొద్దున్నే టీవీ పెట్టాను. ముండ్లమూరు దగ్గర వాగు పొంగి గొర్రెల మంద గల్లంతు. కాపరి ఆచూకీ లేదు. రాచర్ల ప్రాంతం నుంచి వచ్చినవాడని స్థానికులు చెబుతున్నారు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఈ ఏడు మా వైపు నుంచి అటు పోయింది ఆయన ఒక్కడే.

నేను కేక పెట్టినట్టు నాకు గుర్తు లేదు. పక్కింటి నాగులమ్మత్త మాత్రం తడిసి ముద్దయి వచ్చి నన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత ఓబులయ్య మామ వచ్చాడు. మా ఊరి వాట్సాప్ గ్రూపు నడిపేది ఆయనే. అందరి పుట్టినరోజులకూ పూల బొమ్మలు పంపుతాడని నేను ఆటపట్టించే మనిషి. ఆ పొద్దు ఆయన వెనకే వీధంతా మా గుమ్మంలోకి వచ్చింది. ఆయన కొడుకు గోపి, ఇంకా ఇద్దరు కలిసి అప్పటికప్పుడు జీపు మాట్లాడుకుని ముండ్లమూరుకు బయలుదేరారు. పొమ్మని నేను ఎవర్నీ అడగలేదు.

టీవీలో అదే బొమ్మ. ఎర్రటి నీళ్ళలో గొర్రెలు కొట్టుకుపోతున్నాయి. ఒక గొర్రె తల పైకెత్తుతుంది, మునుగుతుంది. మళ్ళీ మొదటి నుంచి. ఆ గొర్రె నా కళ్ళ ముందు ఎన్నిసార్లు చచ్చిందో లెక్క లేదు. మా గొర్రెలకు వెన్ను మీద ఎర్ర గీత గీస్తాం. ఆ గీత కోసం అందరం కళ్ళు చిట్లించుకుని చూస్తున్నాం. ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. ఓబులయ్య మామ ఫోన్లో ఆ బొమ్మను పెద్దది చేసి, "ఇది మన బొల్లి పొట్టేలు మాదిరే ఉండాదే" అన్నాడు. ఆ మాటతో నాలో ఉన్న కాస్త ఆశా పోయింది.

మధ్యలో నా ఫోన్ మోగుతూనే ఉంది. తెలియని నంబరు. కట్ చేశాను. మళ్ళీ మోగింది. కట్ చేశాను.

"ఎవురో చూడరాదా?" అంది నాగులమ్మత్త.

"లోన్ వాళ్ళత్తా. మనిషి పోయినా ఇడిసిపెట్టరు వీళ్ళు."

జీపు కొనకనమిట్ల దాటాక రోడ్డు మీద నీళ్ళున్నాయని ఆగిపోయింది. గోపి ఆ మాట వాళ్ళ నాయనకు ఫోన్ చేసి చెప్పాడు. అందరూ మళ్ళీ టీవీ వైపు తిరిగారు. నేనూ తిరిగాను. అప్పుడు కరెంటు పోయింది.

అంతసేపటికి మా ఇంట్లో చప్పుడు ఆగింది. రేకుల మీద వాన వినిపించింది. నాగులమ్మత్త ఊపిరి వినిపించింది. ఎవరో నా పక్కన టీ గ్లాసు పెట్టి ఎంతసేపయిందో, అది చల్లారిపోయి ఉంది. మళ్ళీ ఫోన్ మోగింది. కట్ చేయడానికి తీశాను గానీ, ఒళ్ళు మండి ఎత్తాను.

"నాకే లోనూ వద్దు, పెట్టెయ్!"

"లోను కాదమ్మా, లోను కాదు, పెట్టెయ్యబాక! గిన్నె మీద నంబరు చూసి చేస్తన్నా. నా పేరు కేథరిన్. నువ్వు శ్రీరాములు గారి ఇంటామెవేనా? మీ ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటన్నాడు. నువ్వు తిన్నావా అమ్మా?"

ఆయన బతికి ఉన్నాడన్న మాటకు నాకు ఏడుపు రాలేదు. "నువ్వు తిన్నావా" అన్న మాటకు వచ్చింది. ఫోన్ చేతిలో పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా, చిన్నపిల్లలా ఏడ్చాను. అవతల ఆమె "ఊరుకో, ఊరుకో" అంటూనే ఫోన్ ఆయనకిచ్చింది.

"ఏందే, పొద్దున్నుంచి చేస్తాంటే ఎత్తవు? ఏం చేస్తాండావు?"

"నీ సావు చూస్తాండాను, టీవీలో!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు అందరికీ వినిపించేలా ఫోన్ గట్టిగా పెట్టాను. జరిగింది ఆయనే చెప్పాడు. వాగు పొంగుతుంటే ఆయన ఫోన్ నీళ్ళలో పడిపోయింది. ఎవరి నంబరూ నోటికి రాదాయె. మంద కట్టింది కేథరిన్ వాళ్ళ చేలోనే. ఆమె చీకట్లోనే పరుగున వచ్చి, ఊళ్ళో చర్చి తలుపు తీసి, మందనంతా లోపలికి తోలమందట. రెండు పిల్లలు మాత్రం దక్కలేదు. తెల్లవారి చేను ఖాళీగా కనబడేసరికి మంద పోయిందని ఎవరో చెప్పారు, ఇంకెవరో రాశారు. ఆమె గిన్నెలు కడుగుతూ క్యారియర్ మీద నంబరు చూసి, అప్పటి నుంచి చేస్తూనే ఉందట.

"చర్చి అంతా పెంటికలే గదయ్యా, ఏమన్లేదా వాళ్ళు?" అన్నాను.

"పాస్టరు వచ్చి చూసినాడు. నేను భయపడినా. ఆయన గోడ మీద బొమ్మ చూపించి నవ్వినాడు. ఆ సామి బుజాన గొర్రెపిల్లను మోస్తాండాడు శైలమ్మా. కాళ్ళు రెండు చేతుల్తో ఎట్ల పట్టుకున్నాడంటావు! పట్టు తెలిసినోడే."

కరెంటు వచ్చింది. టీవీలో మా ఆయన ఇంకా గల్లంతులోనే ఉన్నాడు. ఆ గొర్రె ఇంకా మునుగుతూనే ఉంది. ఓబులయ్య మామ తెర మీది నంబరుకు ఫోన్ చేసి, మనిషి బతికి ఉన్నాడని అరిచి చెప్పాడు. చూస్తామన్నారట. సాయంత్రానికి వాళ్ళు వేరే కొట్లాటలోకి వెళ్ళిపోయారు. టీవీలో చూపించిన ఆ వాగు ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో నాకు ఈనాటికీ తెలియదు. మామ మాత్రం గ్రూపులో పెట్టాడు: "శ్రీరాములు క్షేమం. అన్నం తింటున్నాడు." కింద పూల బొమ్మ కూడా పెట్టాడు. ఆ పూలను చూసి నేను నవ్వలేదు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ పొద్దు మా వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని నాకు తర్వాత తెలిసింది. నేను తినలేదని వాళ్ళూ తినలేదు. ఊరు నా గుమ్మంలో కూర్చుని ఉంటే, నేను టీవీ అద్దంలోకి చూస్తూ ఉన్నాను. చాడీలు చెప్పుకుంటారు, గట్టు దగ్గర తగాదా పడతారు, అన్నీ నిజమే. కానీ నా వాళ్ళు. వాళ్ళ రుణం నేను తీర్చుకోలేను, తీర్చుకోవాలనీ లేదు.

వానలు వెలిశాక ఆయన ఇంటికి వచ్చాడు. ఆశ్చర్యం, క్యారియర్ తెచ్చాడు. తీసి చూస్తే లోపల అరిసెలు. ఖాళీ గిన్నె పంపకూడదని ఆమెకూ తెలుసు. పై గిన్నె మాత్రం మాది కాదు. దాని మీద కేథరిన్ అని చెక్కి ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"గిన్నె మారిపోయిందమ్మా. మాది నీ కాడే ఉండిపోయింది."

"మారలేదు, నేనే ఉంచుకున్నా. దాని మీద నీ నంబరుంది గదా" అంది.

టీవీ ఇప్పటికీ పెడతాను. కసురుతాను. కానీ వార్తల వాళ్ళ మాట ఒకటి మానేశాను. ఏ నంబరు వచ్చినా ఎత్తుతాను. బ్యాంకు సంగతులు ఎవరికీ చెప్పను, అంత తెలివితక్కువదాన్ని కాను. ఎత్తడం మాత్రం ఎత్తుతాను.

మొన్న మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఒక అమ్మాయి చేసింది. గొంతు ఎండిపోయి ఉంది.

"మేడమ్, మీకు లోన్ ఏమైనా..."

"లోన్ వద్దు గానీ, నువ్వు తిన్నావా అమ్మా?"

పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఇంకా లేదాంటీ" అంది చిన్నగా.

"పోయి తినుపో. నేనేడికీ పోను."