తిరగని మెడ

బస్సు డ్రైవరు మెడ కుడివైపు తిరగక పదకొండు రోజులైంది. డిపోలో ఎవరికీ చెప్పకుండా, అద్దాల్లో చూసుకుంటూ, నడుము తిప్పుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ ఉదయం బస్సు వెనక్కి తీస్తుంటే కండక్టరు రేకు మీద దబదబా బాదాడు. కుడి చక్రానికి జానెడు దూరంలో ఒక ముసలావిడ, చేతిలో సంచి. ఆమెకేమీ కాలేదు.

మధ్యాహ్నం విరామం దొరకగానే తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఫిజియోథెరపిస్టు. మందుల షాపు పైన ఒక గది, అందులో ఒక ఎత్తు బల్ల.

"వదినా, ఒక్కసారి టక్కుమని తిప్పేయండి. రెండింటికి బండెక్కాలి."

"తిప్పేయడానికి అదేమన్నా కుళాయా? కూర్చో. తిమ్మిర్లున్నాయా?"

"లేవు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "నిజం చెప్పు."

"కుడిచేతి బొటనవేలు. నాలుగు రోజులుగా."

ఆమె ఇక పరాచికాలాడలేదు. తన వేళ్ళను గట్టిగా పట్టుకోమంది. మోచేతులు నెట్టించింది, చిన్న సుత్తితో తట్టింది.

"బలం తగ్గలేదు. తగ్గుంటే ఇప్పుడే ఆసుపత్రికి పంపేదాన్ని."

బోర్లా పడుకోబెట్టి, మెడ ఎముకల్ని ఒక్కొక్కటే తడుముతూ దిగింది. ఒకచోట అతను ఉలిక్కిపడ్డాడు. అక్కడే ఆమె బొటనవేళ్ళు ఆగి, మెల్లగా, పట్టు సడలకుండా నొక్కాయి. తర్వాత వెల్లకిలా తిప్పి, తలను రెండు అరచేతుల్లోకి తీసుకుంది. అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"వదిలెయ్. తల బరువు నాకివ్వు."

ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. ఇచ్చాక కళ్ళు చెమర్చాయి, ఎందుకో అతనికే తెలియలేదు. అరగంటకు మెడ సగం తిరిగింది. కుడిపక్క కిటికీ కనబడింది.

"చాలు వదినా, వెళ్తాను."

"బండి ముట్టుకోకు. సాయంత్రానికి మళ్ళీ బిగుస్తుంది. నేను దారి చేశానంతే, రోజూ వ్యాయామం చేయాల్సింది నువ్వు."

"డిపోలో పక్కన పెట్టేస్తారు."

"పెట్టనీ."

అతను పొద్దున జరిగిన ముసలావిడ సంగతి చెప్పాడు. వదిన ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

డిపో మేనేజరు అవతలనుంచి చీవాట్లు పెట్టాడు. ఇన్నాళ్ళు దాచినందుకు సంజాయిషీ రాయించుకుని, నెల రోజులు విడిభాగాల గదిలో కూర్చోబెట్టాడు. వదిన దగ్గర ఏడుసార్లు వైద్యం చేయించుకున్నాడు. మూడో వారానికి తిమ్మిరి పోయింది. నెల తర్వాత, రెండు డ్రమ్ముల మధ్య నుంచి బస్సు వెనక్కి తీసి చూపించాక తాళాలు ఇచ్చారు.

ఇప్పుడు ప్రతి చివరి స్టాపులో తల అటూ ఇటూ తిప్పుతుంటాడు. కొత్త ప్రయాణికులు, బస్సు ఎక్కొద్దంటున్నాడేమోనని మెట్టు మీదే ఆగిపోతారు.