ఒకే రోజు పోయిన రెండు ఉద్యోగాలు

చొక్కాని తలకిందులుగా ఆరేసిందని మొదలైంది. "ఇన్నేళ్ళు కుట్టు మిషన్ ముందు కూర్చున్నావు, చొక్కాకి తలెటో తెలీదా?" అన్నాడు భర్త. భుజాల మీద క్లిప్పు గుర్తులు పడకుండా అలా వేశానంది ఆమె. అది ఎదురు చెప్పినట్టయింది. తడిచొక్కాతోనే మొహమ్మీద కొట్టాడు. గుండీ తగిలి కంటికొస చీరుకుంది. హాల్లో అత్తగారు రిమోట్ అందుకుని టీవీ గొంతు పెంచింది.

ఆవిడకది అలవాటే. కోడలి ఏడుపు గోడ దాటకుండా టీవీ చేత అరిపించేది. తర్వాత దూదీ మందూ తెచ్చి తనే అద్దేది. "మగాడు పనిలేక ఇంట్లో కూర్చుంటే మనసు మనసులో ఉండదమ్మా. కొట్టేది వాడు కాదు, పోయిన ఉద్యోగం," అనేది.

ఆమె కూడా అలాగే అనుకునేది. బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలారోజులు అతను పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. ఒకసారి పాపని స్కూల్లో దింపి వస్తూ బస్టాపు బల్ల మీద చూసింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, అతను దేనికీ లేవలేదు. సూపర్‌వైజరుగా అంతమంది చేత పని చేయించినవాడు. ఆ రోజు ఆమె అతని కంట పడకుండా పక్క సందులోంచి ఇంటికొచ్చింది. చుట్టాలొచ్చి, ఎవరో చచ్చిపోయినట్టు గొంతు తగ్గించి, అతని భుజం తట్టి వెళ్ళారు. అదే ఫ్యాక్టరీలో, అదే నోటీసుతో ఆమె ఉద్యోగమూ పోయింది. దాన్ని పోవడం అని ఎవరూ అనలేదు. "పోనీలే, ఇప్పటికైనా నడుం వాల్చుకుంటావు," అన్నారు. ఎక్కడ వాల్చడం? మర్నాడే పనిమనిషిని మాన్పించారు. నిద్రలో ఆమె కాలు ఇంకా మిషన్ తొక్కుతూనే ఉంది.

చొక్కా గొడవ జరిగిన సాయంత్రమే ఫ్యాక్టరీ స్నేహితురాలు ఫోన్ చేసింది. ఊరి చివర స్కూలు హాస్టల్లో యూనిఫాంలు కుట్టే మనిషి కావాలట, ఉండటానికి గది కూడా ఇస్తారట. అడిగి చెప్తాననే లోపే అతను ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. మొగుడు ఇంట్లో కూర్చుంటే పెళ్ళాం పనికెళ్ళి నలుగురిలో నవ్వులపాలు చేస్తుందా అంటూ, జుట్టు పట్టి తలని బీరువా తలుపుకేసి బాదాడు. ఒకసారి కాదు. నోరంతా రక్తం రుచి. మళ్ళీ ఎత్తిన చేతి కిందనుంచి ఆమెకి హాలు కనిపించింది. అత్తగారు వంటింట్లో ఉంది. రిమోట్ పాప చేతిలో ఉంది. హోంవర్కు లోంచి తలైనా ఎత్తకుండా, కళ్ళజోడు సర్దుకున్నంత మామూలుగా, పాప టీవీ గొంతు పెంచింది.

ఎలా విడిపించుకుందో ఆమెకే తెలీదు. హాల్లోకి పరిగెత్తి ప్లగ్గు పీకేసింది. వెనకే వచ్చి వీపు మీద గుద్దాడు. ఆ దెబ్బ ఇల్లంతా వినపడింది. పక్కింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది. రెండో దెబ్బకి లేచిన అతని చెయ్యీ ఆగింది. గోడవైపు చూశాడు. నెమ్మదిగా చెయ్యి దించి, చొక్కా సర్దుకుని, "ఏం లేదండీ, బల్ల పడింది," అన్నాడు గోడకి వినపడేలా, ఎంతో మర్యాదగా.

భోజనాల వేళ ఆమె వీధి తలుపు బార్లా తీసి ఉంచి, అందరికీ వడ్డించి, వాచిన పెదవితో తనూ కూర్చుంది.

"రేపు పొద్దున నేనూ పాపా హాస్టల్‌కి వెళ్ళిపోతున్నాం. పక్కింటావిడ ఫోన్‌లోంచి నా స్నేహితురాలికి వస్తానని చెప్పేశాను."

అతను కంచం నెట్టి లేవబోయాడు. తలుపు వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. అత్తగారు కళ్ళొత్తుకుంది. "ఉద్యోగం పోయి వాడు కుమిలిపోతుంటే ఇప్పుడా తల్లీ, వదిలి పోవడం? వాడి చేతుల్లో ఏముందని?"

"ఉద్యోగం నాకూ పోయింది అత్తయ్యా. ఆపుకోలేక కొడుతున్నారనే ఇన్నాళ్ళూ ఉన్నాను. ఇందాక పక్కింటివాళ్ళు విన్నారని తెలియగానే ఆపుకున్నారు."